బతికొచ్చిన నేరం

1944 నవంబరు 13న టోక్యోలోని సైనిక ప్రధాన కార్యాలయం ఒక ప్రకటన విడుదల చేసింది. ఫిలిప్పీన్స్‌లో లేతే దీవి దగ్గర మన 'బాందా' ఆత్మాహుతి దళం శత్రువుల యుద్ధనౌక ఒకటి, రవాణా నౌక ఒకటి ముంచేసిందని అందులో ఉంది. వీరమరణం పొందిన వాళ్ల పేర్లలో కార్పొరల్ ససాకి తొమోజి పేరు కూడా ఉంది. పత్రికలు ఆ కుర్రాళ్లను యుద్ధదేవుళ్లన్నాయి. చక్రవర్తికీ విన్నవించారు. ఉత్తరాన హొక్కైడోలో తోబెత్సు అనే పల్లెలో రైతు కుటుంబం ససాకిది. కొడుకు దేవుడయ్యాడని వాళ్లకూ తెలిసింది.

ఆ దేవుడు మాత్రం మిండనావో దీవిలో విమానం దిగి, నిక్షేపంగా అన్నం తింటున్నాడు.

అతనికి అప్పుడు 21 ఏళ్లు. ముందురోజు తన బాంబును ఒక నౌక మీద విడిచిపెట్టి, విమానం తిప్పుకుని, దగ్గర్లో ఉన్న రన్‌వే మీద దిగాడు. పైలట్‌గా అతనికి నేర్పిన పని అదే. తీరా తన శిబిరానికి తిరిగొచ్చేసరికి మెచ్చుకునేవాళ్లు కనబడలేదు. నువ్వు చనిపోయావని ప్రకటించేశాం, చక్రవర్తికి కూడా చెప్పేశాం, కాబట్టి ఈసారి తప్పకుండా చచ్చిరావాలి అన్నారు పై అధికారులు. మళ్లీ పంపారు. మళ్లీ వచ్చాడు. వాతావరణం బాగాలేక ఒకసారి, దారిలో శత్రు విమానాలు తగిలి ఒకసారి, బాంబు వేసి ఒకసారి... మొత్తం తొమ్మిదిసార్లు బయల్దేరాడు, తొమ్మిదిసార్లూ ప్రాణాలతో బయటపడ్డాడు. మధ్యలో ఇంకోసారి కూడా అతని మరణాన్ని ప్రకటించారు.

జపాన్ ఆత్మాహుతి పైలట్ల గురించి మనకు తెలిసిన కథ ఒక్కటే. నుదుటికి తెల్ల గుడ్డ, చేతిలో సాకే గిన్నె, విమానం చుట్టూ చెర్రీ కొమ్మలు ఊపే బడిపిల్లలు, చివరకు మంటలు. అలా చనిపోయిన విమాన సిబ్బంది సుమారు నాలుగు వేల మంది. వాళ్ల మీద సినిమాలున్నాయి, నవలలున్నాయి, మ్యూజియంలున్నాయి. బయల్దేరి కూడా చావని వాళ్ల సంగతేమిటి? వాళ్లను ఆ రోజు సైన్యం ఎలా చూసింది, యుద్ధం పోయాక ఊరు ఎలా చూసింది, ఎనభై ఏళ్లుగా దేశం ఎలా చూస్తోంది? ఈ మూడింటికీ జవాబు దాదాపు ఒకటే కావడం నన్ను వెంటాడుతోంది. చచ్చిన పైలట్‌తో అందరికీ పని ఉంది. బతికిన పైలట్‌ను ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియలేదు.

ఒక కెప్టెన్ చేసిన మరమ్మతు

ససాకి అన్నిసార్లు తిరిగి రాగలగడానికి అదృష్టం ఒక్కటే కారణం కాదు. ఇవమొతో మసుమి అనే కెప్టెన్ ముందుచూపు కూడా ఉంది. బాందా దళం నాయకుడు ఆయనే. నౌకల మీద బాంబులు ఎలా వేయాలన్నది ఆయన కొన్నేళ్లుగా సాధన చేస్తున్న విద్య. అలాంటి మనిషికి బాంబు ఊడిరాకుండా బిగించేసిన విమానాలిచ్చారు. వాటి ముక్కు మీద పొడుగాటి ఇనుప కొమ్ములు. నౌకను గుద్దుకోగానే బాంబు పేలడానికి ఆ ఏర్పాటు. అంటే ఆ విమానంతో చేయగలిగింది ఒక్కటే, వెళ్లి గుద్దుకోవడం.

ఇవమొతోకి ఒళ్లు మండింది. అందులో దేశభక్తి తక్కువై కాదు, వృత్తి అభిమానం వల్ల. బాంబు పైనుంచి పడితే వచ్చే వేగం విమానంతో పాటు గుద్దుకుంటే రాదు. పైగా ఏళ్ల తరబడి తయారుచేసిన పైలట్‌ను ఒక్క దాడికి ఖర్చుపెట్టడం ఏం లెక్క? ఫిలిప్పీన్స్ చేరాక మెకానిక్కులతో చెప్పి, చేత్తో లాగితే బాంబు విడిపోయేలా లోపల తీగ పెట్టించాడు. బాంబు వేసి రండి, మళ్లీ వెళ్లి వేద్దాం అని తన పిల్లలకు చెప్పాడు. నవంబరు 5న, పై అధికారి పిలుపు మీద మనీలా వెళ్తుంటే అమెరికన్ ఫైటర్లు ఆయన విమానాన్ని కూల్చేశాయి. దళం మొదటి దాడికి వెళ్లడానికి వారం ముందే ఆయన పోయాడు. ఆయన పెట్టించిన తీగ మాత్రం ససాకి చేతిలో ఉంది.

ససాకికి ఇంకో అండ కూడా ఉంది. అతని నాన్న రష్యా–జపాన్ యుద్ధంలో పోర్ట్ ఆర్థర్ దగ్గర తెల్ల పట్టీలు కట్టుకుని చావుకి తెగించి దూకిన దళంలో ఉండి, బతికి ఇంటికొచ్చినవాడు. మనిషి అంత తేలిగ్గా చావడని కొడుక్కి చెప్పేవాడట. ఆ ఇంట్లో బతికి రావడం సిగ్గుపడే విషయం కాదు. ఈ ఒక్క సంగతి వల్లే ఆ కుర్రాడు అధికారుల కళ్లలోకి చూసి నిలబడగలిగాడేమో అని నా ఊహ.

ఇక్కడ మన తీరం సంగతి ఒకటి గుర్తొస్తుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసినవి జపాన్ నౌకాదళం విమానాలే. అవి బాంబులు వేసి తమ నౌకకు తిరిగి వెళ్లిపోయాయి. అప్పుడు తిరిగి వెళ్లడమే పైలట్ పనితనం. రెండున్నరేళ్లు తిరిగేసరికి అదే దేశపు పైలట్‌కి తిరిగి రావడం నేరమైంది. మధ్యలో జరిగిందల్లా జపాన్ ఓడిపోతూ రావడం. విమాన వాహక నౌకలు పోయాయి, అనుభవం ఉన్న పైలట్లు పోయారు, పెట్రోలు పోయింది. 1944 అక్టోబరులో ఫిలిప్పీన్స్‌లోని మబలకట్ స్థావరంలో వైస్ అడ్మిరల్ ఓనిషీ తకిజిరో ఆత్మాహుతి దళాన్ని ఏర్పాటు చేశాడు. అక్టోబరు 25న లెఫ్టినెంట్ సెకీ యుకియో నాయకత్వంలో వెళ్లిన విమానాల దాడితో అమెరికన్ల 'సెంట్ లో' నౌక మునిగింది. అంతే, అత్యవసరానికి అనుకున్న పద్ధతి ఆ తర్వాత రోజువారీ పద్ధతి అయిపోయింది.

స్వచ్ఛందంగానే వచ్చారు కదా అంటారు. కాగితం మీద నిజమే. చాలాచోట్ల పైలట్లకు చీటీలిచ్చి 'అమితంగా కోరుకుంటున్నాను', 'కోరుకుంటున్నాను', 'కోరుకోవడం లేదు' అని మూడింటిలో ఒకటి రాయమనేవారు. పక్కవాడు ఏం రాస్తున్నాడో తెలియని గదిలో, తన పేరుతో సహా మూడోది రాసే ధైర్యం ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎక్కణ్నుంచి వస్తుంది? రాసిన వాళ్లూ లేకపోలేదు. రాసినా పంపిన సందర్భాలూ లేకపోలేదు.

ఫుకువోకాలో ఒక హాస్టల్

1945 వసంతానికి యుద్ధం ఒకినావాకి వచ్చింది. క్యుషూ దక్షిణ కొసన చిరాన్ అనే టీ తోటల ఊళ్లో సైన్యం స్థావరం. అక్కడినుంచి ఒకినావా సుమారు 650 కిలోమీటర్లు, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఇచ్చిన విమానాల్లో చాలావరకు ఏనాడో మూలపడాల్సినవి. చక్రాలు లోపలికి ముడుచుకోని పాత 97 రకం ఫైటర్‌కి 250 కిలోల బాంబు కట్టి పంపేవారు. ఇంధనం కల్తీ, ఇంజిన్లు అరకొర మరమ్మతు, నడిపేవాడు నిన్నమొన్న శిక్షణ ముగించినవాడు. దారిలో నూనె కారేది, ఇంజిన్ ఆగేది, మబ్బుల్లో దారి తప్పేది, అమెరికన్ల గ్రమ్మన్ ఫైటర్లు మీద పడేవి. ఇన్నింటి మధ్య తొకునోషిమా, కికాయ్, కురోషిమా లాంటి దీవుల మీద, తీరాల్లో ఎక్కడపడితే అక్కడ దిగిన వాళ్లు ఎంతోమంది.

వీళ్లంతా ఎలాగోలా క్యుషూకి చేరితే, ఆరో వైమానిక సైన్యం వీళ్లకోసం ఒక చోటు సిద్ధంగా ఉంచింది. ఫుకువోకా నగరంలో ఒక బాలికల పాఠశాల హాస్టల్. పేరు షింబు–ర్యో. చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర కాపలా. బయటికి వెళ్లకూడదు, ఉత్తరాలు రాయకూడదు, ఎవర్నీ కలవకూడదు. ఎనభై మంది దాకా అక్కడ ఉన్నారంటారు. సైన్యం రికార్డుల్లో దాని ఊసు పెద్దగా ఉండదు. అరవై ఏళ్ల తర్వాత గానీ దాని గురించి పుస్తకాలు రాలేదు.

అక్కడ ఉండి బయటపడి, ముసలితనంలో నోరు విప్పిన వాళ్లలో ఓనుకీ కెనిచిరో ఒకరు. ఇవాళ్టి జపాన్ వాళ్లకు ఆయన్ని పరిచయం చేయాలంటే ప్రసిద్ధ గాయని ఓనుకీ తయెకో నాన్న అంటే చాలు. ఆయన విమానాన్ని దారిలో అమెరికన్ ఫైటర్లు వెంటాడితే తొకునోషిమాలో దిగాడు. దీవుల్లో ఆకలితో మాడి, మే నెలాఖరుకి ఒక బాంబర్‌లో ఫుకువోకా చేరాడు. కొత్త విమానం ఇస్తారు, మళ్లీ వెళ్లొచ్చు అనుకున్నాడు. ఆ హాస్టల్లో ఎదురైంది మేజర్ కురసావా కియొతదా తిట్ల వర్షం. ఎందుకు వచ్చారు, చచ్చిన తోటివాళ్ల ముందు సిగ్గనిపించడం లేదా, ప్రాణం మీద అంత తీపా అని.

రోజూ పొద్దున్నే కూర్చోబెట్టి, సైనికులకు చక్రవర్తి ఇచ్చిన ఆదేశాన్ని కుంచెతో రాయించేవారు. బౌద్ధ సూత్రాలు రాయించేవారు. మనసులో పిరికితనం కడిగేయడానికట. వెదురు కర్రతో కొట్టేవారు. శత్రువు కొట్టిన దెబ్బలు ఒంటి మీద ఇంకా మానని వాళ్లను, సొంత సైన్యం ఇంకోసారి కొట్టింది. విచిత్రం ఏమిటంటే వీళ్లలో ఎక్కువమంది మళ్లీ వెళ్లడానికి సిద్ధంగానే ఉన్నారు. కావాలని వెనక్కి తిరిగినవాడికీ, ఇంజిన్ ఆగి దిగినవాడికీ అక్కడ తేడా లేదు. వాళ్ల మీద మోపిన నేరం ఒక్కటే, బతికి ఉండడం.

ఎందుకింత కసి? పిరికివాళ్లకు బుద్ధి చెప్పడం అన్నది పైకి చెప్పే మాట. అసలు సంగతి కాగితాల్లో ఉందని నాకనిపిస్తుంది. ఆత్మాహుతి దాడిలో చనిపోయిన వాడికి రెండు ర్యాంకులు ఒకేసారి పెంచేవారు. ఇంటికి సమాచారం వెళ్లేది, ఊళ్లో మర్యాదలు జరిగేవి, పత్రికలో ఫొటో వచ్చేది. ఇన్ని జరిగిపోయాక ఆ మనిషి కాలినడకన తిరిగొస్తే ఒక్కొక్కటీ వెనక్కి తీసుకోవాలి. ముంచామన్న యుద్ధనౌక మునగలేదని ఒప్పుకోవాలి. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. రేపు బయల్దేరాల్సిన కుర్రాడు నిన్న తిరిగొచ్చినవాణ్ని చూస్తే, చావు తప్ప దారే లేదన్న నమ్మకం సడలిపోతుంది. అందుకే ముళ్లకంచె.

కురసావా కూడా పైలటే. అంతకుముందు విమాన ప్రమాదంలో తలకు గట్టి దెబ్బ తగిలి, ఎగరలేక ఆఫీసు పనికి వచ్చినవాడు. యుద్ధం తర్వాత మామూలు జీవితమే గడిపాడు. కానీ తన చేతి దెబ్బలు తిన్నవాళ్లు ఎవరైనా వచ్చి కసి తీర్చుకుంటారేమో అని ఎనభై ఏళ్లు వచ్చేదాకా పిస్తోలు దగ్గర పెట్టుకుని తిరిగాననీ, కత్తి విడవలేదనీ చివరి రోజుల్లో రచయిత హయాషీ ఎయిదాయ్‌తో తానే చెప్పుకున్నాడు. ఎవరూ రాలేదు. వాళ్లలో చాలామంది ఆ పాటికి తామెక్కణ్నుంచి వచ్చామో భార్యలకు కూడా చెప్పడం మానేశారు.

కురోషిమా మీద పడ్డ పొట్లం

అందరూ వాళ్లను అలాగే చూశారా అంటే, లేదు. కాగోషిమాకి దక్షిణాన సముద్రంలో కురోషిమా అని చిన్న దీవి ఉంది. తినడానికి చిలగడదుంపలు కూడా అంతంత మాత్రంగా దొరికే చోటు. 1945 వసంతంలో దాని మీద ఆకాశం నుంచి కుర్రాళ్లు పడడం మొదలైంది. షిబాతా అనే సైనికాధికారి ఒళ్లంతా కాలిపోయి దొరికాడు. మందు లేదు, డాక్టరు లేడు. ఊరివాళ్లు తమకున్న దాంతోనే సాకారు. తర్వాత ఏప్రిల్ నెలాఖరులో ఆబే మసాయా అనే ఇంకో పైలట్ దిగాడు. అతనికి దెబ్బలు తగల్లేదు. తనను ప్రధాన భూమికి చేర్చమని వేడుకున్నాడు. తోటివాళ్లు పోయారు, నేనూ వెళ్లాలి అని. దీవి మనిషి ఒకాయన చిన్న పడవలో రాత్రింబవళ్లు తెడ్డు వేసి అతన్ని క్యుషూ చేర్చాడు.

మే మొదటివారంలో ఒక విమానం కురోషిమా మీదికి కిందుగా వచ్చింది. ఒక పొట్లం జారవిడిచి, దక్షిణానికి వెళ్లిపోయింది. పొట్లంలో కాలిన గాయాలకు రాసే మందు, చాక్లెట్ల లాంటి తీపి తినుబండారాలు. ఆబే చావడానికి వెళ్తూ దారి మళ్లి షిబాతాకి ఇచ్చి వెళ్లాడు. తిరిగి రాలేదు. షిబాతా బతికాడు.

అదే నెలలో వసెదా విశ్వవిద్యాలయం నుంచి సైన్యంలోకి లాగబడిన ఎనా తకెహికో కూడా ఆ దీవి దగ్గరే సముద్రంలో దిగాడు. నౌకాదళం మనిషి, ముగ్గురు కూర్చునే విమానం. దాదాపు ఎనభై రోజులు ఊరివాళ్ల అన్నం తిన్నాడు. జూలై ఆఖర్లో జలాంతర్గామి ఒకటి తీసుకెళ్లింది. స్థావరానికి వెళ్లే దారిలో, బాంబు పడి కొన్ని రోజులే అయిన హిరోషిమా మీదుగా నడిచాడు. తర్వాతి కాలంలో ఎనా ఆ దీవికి మళ్లీ మళ్లీ వెళ్లేవాడు. కురోషిమా జాలరులకు బహుశా సైన్యం చెప్పిన వీరగాథల మీద నమ్మకం లేక కాదు. కాలిన ఒళ్లు కళ్లెదుట ఉంది, అంతే.

చిరాన్‌లో తొరిహామా తొమే కథ కూడా ఇలాంటిదే. ఊళ్లో చిన్న భోజన హోటల్ ఆమెది. కుర్రాళ్లందరూ ఆమెను అమ్మా అనేవారు. సెన్సారు కళ్లు కప్పి వాళ్ల ఉత్తరాలు పోస్టు చేసేది. మిణుగురునై తిరిగొస్తానని చెప్పి వెళ్లిన మియకావా సబురో కథ జపాన్‌లో తెలియనివాళ్లుండరు. అయితే మియకావా అంతకుముందు ఒకసారి బయల్దేరి విమానం మొరాయించి వెనక్కి వచ్చినవాడు. తోటివాళ్లు పోయి తాను మిగిలినందుకు కుమిలిపోయి, జూన్ 6న మళ్లీ వెళ్లాడు. జనం గుర్తుపెట్టుకున్న మిణుగురు కథ వెనక, బతికొచ్చినందుకు సిగ్గుపడి చచ్చిపోయిన ఒక కుర్రాడున్నాడు. ఆ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

సేనాపతులు ఎటు పోయారు?

లేతే మీదికి ససాకిలాంటి వాళ్లను సాగనంపేటప్పుడు, చివరి విమానంలో నేనూ మీ వెనకే వస్తానని నాలుగో వైమానిక సైన్యాధిపతి తొమినాగా క్యోజీ చెప్పేవాడు. 1945 జనవరిలో అమెరికన్లు లూజాన్‌లో దిగగానే ఆయన విమానమెక్కి తైవాన్ వెళ్లిపోయాడు. కింద వదిలేసిన వేలమందిలో ససాకి కూడా ఉన్నాడు. ఆకలి, మలేరియా, అడవి. యుద్ధం ముగిశాక అమెరికన్లకు ఖైదీగా చిక్కి, 1946 మొదట్లో ఇల్లు చేరాడు. తొమినాగాను సైన్యం పదవి నుంచి తప్పించింది గానీ శిక్షించలేదు. మంచూరియాలో సోవియట్ల చేతికి చిక్కి పదేళ్లు ఖైదులో ఉండి వచ్చి, 1960లో పోయాడు.

ఆరో వైమానిక సైన్యాధిపతి సుగవారా మిచియో కింద పనిచేసిందే ఫుకువోకా హాస్టల్. జపాన్ లొంగిపోయిన రోజు సాయంత్రం, ఆయన కోసం బాంబు కట్టిన విమానం సిద్ధంగా ఉందని ఒక అధికారి వచ్చి గుర్తు చేశాడంటారు. ఆయన ఎక్కలేదు. చావడమొక్కటే బాధ్యత కాదన్నాడు. మాటలో తప్పేం లేదు, హాస్టల్లో ఉన్నవాళ్లకు కూడా ఆ సూత్రం వర్తింపజేసి ఉంటే. తర్వాత చనిపోయిన పైలట్ల పేరున కరుణకు ప్రతీక అయిన బోధిసత్త్వం కన్నోన్ విగ్రహం పెట్టించడంలో పాలుపంచుకుని, 95 ఏళ్లు బతికి 1983లో కన్నుమూశాడు.

ఓనిషీది వేరే దారి. ఆగస్టు 16న కడుపు కోసుకున్నాడు. మరణానికి ముందు రాసిన కాగితంలో తాను పంపిన కుర్రాళ్ల ఆత్మలకూ వాళ్ల కుటుంబాలకూ క్షమాపణ చెప్పుకున్నాడు. అంతకు ఒకరోజు ముందు, చక్రవర్తి రేడియోలో మాట్లాడేశాక, వైస్ అడ్మిరల్ ఉగాకీ మతోమే 11 విమానాలతో ఒయితా నుంచి బయల్దేరాడు. వాటిలో మూడు మధ్యలో ఆగిపోయాయి, మిగతావి తిరిగి రాలేదు. యుద్ధం అయిపోయిందని తెలిశాక కూడా తన చావుకి తోడుగా ఇరవై ఏళ్ల పిల్లల్ని ఎందుకు తీసుకెళ్లాడని బంధువులు ఏళ్ల తరబడి అడిగారు. ఈ ఇద్దరిలో ఎవరిది మర్యాదైన చావు అని జపాన్‌లో ఇంకా వాదించుకుంటారు. నాకైతే ఆ వాదనే విసుగు. మూడు విమానాల్లో మిగిలిన వాళ్ల గురించి ఎవరూ వాదించుకోరు మరి.

దేవుళ్లు దిగొచ్చాక

యుద్ధం పోయింది. నిన్న చేతులెత్తి మొక్కినవాళ్లే ఇవాళ చూపు తిప్పుకున్నారు. ఇళ్లు కాలి, తిండి లేక, నల్లబజారు మీద బతుకుతున్న ఊళ్లలో, పైలట్ కోటు వేసుకుని తిరిగే కుర్రాడంటే దొంగో, రౌడీయో అనే ముద్ర పడింది. 'టొక్కో కుజురె' అనేవారు. ఆత్మాహుతి దళంలో పాడైపోయి వచ్చినవాడని. కొందరు నిజంగానే దారి తప్పారు. చావమని తయారుచేసి, చావు రద్దయిందని చెప్పి వీధిలో వదిలేస్తే, రేపేం చేయాలో ఎవరు చెప్పాలి? ఎక్కువమంది మాత్రం కోటు దాచేసి పొలానికో ఆఫీసుకో వెళ్లిపోయారు.

చనిపోయిన విద్యార్థి సైనికుల ఉత్తరాల సంకలనం 'కికె వదత్సుమి నో కోయె' 1949లో వచ్చి దేశాన్ని కదిలించింది. యుద్ధాన్ని తిట్టేవాళ్లకు అందులో బలైపోయిన మేధావులు కనిపించారు. దేశాన్ని పొగిడేవాళ్లకు, యుద్ధంలో పోయినవాళ్లను పూజించే యసుకుని ఆలయంలో త్యాగమూర్తులు కనిపించారు. చనిపోయినవాడు ఇద్దరికీ పనికొస్తాడు, ఎదురు మాట్లాడడు గనక. బతికినవాణ్ని పిలిస్తే అతను ఇంజిన్ గురించి మాట్లాడతాడు. తిండి గురించి, భయం గురించి, ఎగిరాక వెనక్కి తిరగాలని చెయ్యి లాగిన క్షణం గురించి మాట్లాడతాడు. ఒక్కోసారి, నేను నిజంగానే వెళ్లాలనుకున్నాను అని కూడా అంటాడు. అది ఇవతలి వాళ్లకూ నచ్చదు, అవతలి వాళ్లకూ నచ్చదు.

వాళ్లలో వాళ్లకు ఉన్న బాధ ఇంకోటి. యసుకునిలో కలుద్దామని ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. అందరూ వెళ్లారు, వీళ్లు వెళ్లలేదు. ఆలయానికి వెళ్తే మొక్కడానికి వెళ్లినట్టు కాదు, మాట తప్పినవాడు మొహం చూపించడానికి వెళ్లినట్టు. ఓదాచీ కజువో తైవాన్ నుంచి పలుమార్లు ఆత్మాహుతి దాడికి బయల్దేరినవాడు. 1945 ఆగస్టు 15న కూడా విమానంలో కూర్చుని సిద్ధంగా ఉండగా ఆపేశారు. తర్వాత పోలీసు ఉద్యోగం చేశాడు, కెండోలో పెద్ద గురువయ్యాడు. అరవై ఏళ్లకు పైగా ఈ విషయం గుట్టుగా ఉంచాడు. వయసు బాగా మీద పడ్డాక, చనిపోయిన వాళ్ల గురించి చెప్పేవాళ్లు లేకుండా పోతున్నారని జ్ఞాపకాలు రాయించాడు.

కుటుంబానికి పేరున్న వాళ్లకు కాస్త వెసులుబాటు ఉండేది. ఉరసెంకె తేనీటి పీఠం పదిహేనో అధిపతి సెన్ గెన్‌షిత్సు నౌకాదళ ఆత్మాహుతి దళంలో ఉండి బతికినవారు. ఆ దళంలో ఆయన స్నేహితుడు నిషిమురా కో తర్వాత పెద్ద నటుడయ్యాడు. సెన్ ప్రపంచమంతా తిరిగి ఒక గిన్నె టీతో శాంతి అంటూ మాట్లాడారు. 2025 ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో పోయారు. ఆయన మాట్లాడితే వినేవారు. నగోయాలో గుమస్తా మాట్లాడితే?

నగోయా గుమస్తా సంగతి చెప్పాలి. ఇతాత్సు తదమాసా 1945 మే నెలాఖరులో చిరాన్ నుంచి బయల్దేరి, ఇంజిన్ ఆగి తొకునోషిమాలో దిగాడు. యుద్ధం తర్వాత నగరపాలక ఉద్యోగం. చచ్చిపోదామా అన్నంత అపరాధ భావం. నిన్ను మిగిల్చారంటే నువ్వు చేయాల్సిన పని ఏదో ఉండి ఉంటుందని తొమే అమ్మ చెప్పిందంటారు. ఆ పని ఆయన తానే వెతుక్కున్నాడు. ఒకినావా యుద్ధంలో చనిపోయిన సైన్యపు ఆత్మాహుతి పైలట్లు 1,036 మంది. వాళ్ల ఇళ్లకు వెళ్లి ఫొటోలు, ఉత్తరాలు అడగడం మొదలుపెట్టాడు. ఉద్యోగం చేస్తూ సెలవుల్లో, తర్వాత అదే పనిగా, దేశం ఈ మూల నుంచి ఆ మూలకు.

ఎవరి గడపైనా తొక్కి, మీవాడితో పాటు నేనూ ఉన్నాను అని చెప్పుకోవడం ఎలా ఉంటుందో ఊహించండి. ఆ తల్లి ముందుగా చూసేది తన కొడుకు వయసులో ఉన్న, కొడుకు కాని ఒక మనిషిని. కొన్ని ఇళ్లలో టీ ఇచ్చి ఏడ్చారు. కొన్ని ఇళ్లలో తలుపు తీయలేదు. మళ్లీ వెళ్లేవాడు. చివరికి ఆ 1,036 ఫొటోలూ పోగయ్యాయి. ఇవాళ చిరాన్ శాంతి మ్యూజియం గోడ మీద వరసగా ఉన్నవి అవే. ఆ మ్యూజియానికి ఇతాత్సు కొంతకాలం అధిపతిగా ఉన్నాడు. 2015లో, తొంభై ఏళ్ల వయసులో పోయాడు. ఆ గోడ మీద ఉండడానికి ఆయనకు అర్హత లేదు.

2001 ఫిబ్రవరిలో కోయిజుమీ జునిచిరో ఆ మ్యూజియంలో ఆ ఉత్తరాలు చదివి కన్నీళ్లు పెట్టుకున్నాడు. రెండు నెలలకు ప్రధాని అయ్యాడు. 2014లో చిరాన్ ఉన్న మినమిక్యుషు నగరం ఆ ఉత్తరాలను యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో పెట్టమని అడిగింది, దేశంలోని ఎంపిక సంఘం దగ్గరే ఆగిపోయింది. చైనా వాళ్లకు ఆగ్రహం, జపాన్ వాళ్లలో కొందరికి నిరాశ. ఇదంతా చనిపోయిన వాళ్ల రాత గురించే.

సినిమాల్లో 'హొతారు' (2001) బతికిన పైలట్‌నే కథానాయకుణ్ని చేసింది. తకాకురా కెన్ నటించిన ఆ ముసలి చేపల రైతు మాట తక్కువ మనిషి. అది కూడా చివరికి చనిపోయినవాళ్ల కోసం ఏడ్చే సినిమాయే, కానీ ఏడ్చేవాడు ఎవరో చూపించింది. 'ఎయియెన్ నో జెరో' నవలా, దాని మీద 2013లో వచ్చిన సినిమా సంపాదించినంత డబ్బు దీనికి రాలేదు. ఆ నవల కథానాయకుడు బతకడానికే ప్రయత్నించిన పైలట్. పిరికివాడని అందరూ వెక్కిరిస్తారు. అయినా చివర్లో రచయిత అతన్ని ఆత్మాహుతికే పంపుతాడు. పంపకపోతే జనం మెచ్చేవారా అని నా అనుమానం.

ససాకి మీద పుస్తకాలు ముందే ఉన్నాయి. యుద్ధకాలంలో చిరాన్‌ను కళ్లారా చూసిన తకాగీ తొషిరో ఎప్పుడో రాశాడు. కానీ కొత్త తరానికి ససాకిని తెలియజెప్పింది నాటక రచయిత కోకామీ షోజీ. 2015లో సప్పొరో ఆసుపత్రిలో, మంచం మీద ఉన్న ఆయన్ని కలిసి మాట్లాడాడు. కంటిచూపు లేదు. తాను గొప్ప పని చేశానని ససాకి అనుకోలేదు, తన ఆయుష్షు అలా రాసి ఉందనుకున్నాడంతే. ఆ తర్వాత కొన్ని నెలలకే, 2016 ఫిబ్రవరిలో, 92 ఏళ్ల వయసులో పోయాడు. 2017లో వచ్చిన కోకామీ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. చదివిన వాళ్లలో చాలామంది ఆఫీసు ఉద్యోగులు. పైవాడు చెప్పిన పిచ్చి పనికి తలూపకుండా ఎలా నిలబడాలన్నది అందులో వాళ్లకు దొరికింది. ససాకిని వాళ్లు కూడా తమ అవసరానికే తీసుకున్నారు, కాకపోతే ఈసారి బతికున్న మనిషిగా.

ఇంకో కథ ఉంది. అమెరికాలో పెరిగిన జపాన్ మూలాల దర్శకురాలు రీసా మొరిమొతోకి, తన బాబాయి ఆత్మాహుతి పైలట్‌గా శిక్షణ పొందాడని ఆయన పోయాక తెలిసింది. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అడగడానికి ఆయన లేడు కాబట్టి, బతికున్న ఇతర పైలట్లను వెతికి పట్టుకుని 2007లో డాక్యుమెంటరీ తీసింది. కురోషిమాలో ఊరివాళ్ల తిండి తిని బతికిన ఎనా కూడా అందులో ఉన్నాడు. వాళ్లతో పాటు 'డ్రెక్స్‌లర్' నౌకలో పనిచేసిన అమెరికన్ ముసలివాళ్లూ ఉన్నారు. 1945 మే 28న ఆత్మాహుతి విమానాలు గుద్దితే నిమిషం లోపే మునిగిపోయిన నౌక అది. 158 మంది పోయారు. తర్వాత ఆ నావికుల్లో కొందరు జపాన్ వెళ్లి, ఈ పైలట్ల ఇళ్లలో కూర్చుని మాట్లాడారు. వాళ్లకు అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఈ పైలట్లు చచ్చిపోయి ఉండాల్సిన అవసరం మాత్రం వాళ్లకు లేదు.